ఆ 640 ఎక్కడికి పోయింది?

గ్రాండ్ టెస్టుల్లో మార్కులే మార్కులు. అసలు పరీక్షలో చతికిలబాటు. అప్పుడు ఇంట్లో అందరూ పిల్లనే నిలదీస్తారు. ఆ గ్రాండ్ టెస్టు మార్కును మాత్రం ఎవరూ నిలదీయరు.

2025 మే 4, ఆదివారం. రాత్రి తొమ్మిదయింది. తెనాలిలో మా అక్కయ్యవాళ్లింట్లో అన్నం గిన్నె మీద మూత తియ్యలేదు. అక్క కూతురు గుంటూరులో నీట్ రాసి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా ప్రశ్నపత్రం ముందేసుకుని కూర్చుంది. ఫోన్లో కీ వచ్చింది. ఒక్కో ప్రశ్నకీ ఒక టిక్కో, ఒక ఇంటూనో. మొదటిసారి లెక్కేస్తే 467. రెండోసారి 475. మూడోసారి 471. నాలుగోసారి లెక్కపెట్టలేదు. పెన్ను పక్కన పడేసింది.

మార్చి నెలాఖరులో బావగారి వాట్సాప్ స్టేటస్‌లో ఉన్న అంకె 640. కాలేజీలో పెట్టే గ్రాండ్ టెస్టులో 720కి వచ్చిన మార్కు. పక్కన రెండు దణ్ణాల బొమ్మలు, ఒక స్టెతస్కోపు బొమ్మ. ఆ స్టేటస్ చూసి నేనూ హైదరాబాదు నుంచి ఫోన్ చేసి ‘డాక్టరమ్మా’ అని పిలిచాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది కాబట్టే ఈ కథనం.

‘అంత బాగా రాసేదానివి కదమ్మా, ఏమైంది?’ అన్నారు బావగారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ ‘ఏమైంది’కి ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. మా అమ్మ దగ్గర ఉంది. ‘ఊరందరికీ చాటుకున్నారు, దిష్టి తగలక ఏమవుతుంది’ అంటూ ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టుకుని మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదట. అంటే దిష్టి గట్టిదే.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు పిల్ల నన్ను అడిగింది. ‘పిన్నీ, ఆ 640 నిజంగా నాదేనా?’

నేను చదివింది స్టాటిస్టిక్స్. ఇన్నాళ్లకి ఆ చదువు సొంత ఇంటికి పనికొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఒక నోట్‌బుక్ తీసుకుని లెక్కకి కూర్చున్నాం. 640 లోంచి 471 తీసేస్తే 169. ఈ 169 మార్కులూ ఎక్కడెక్కడ పోయాయో తేల్చాలి.

281 సగటు కాదు

హాస్టల్ పెట్టెలోంచి గ్రాండ్ టెస్టుల కాగితాలన్నీ తెమ్మన్నాను. చివరి మూడు నెలల్లో పన్నెండు రాసింది. అన్నిటికన్నా తక్కువ 538. అన్నిటికన్నా ఎక్కువ 640. సగటు కడితే 583. ఇంట్లో ఎవరికీ ఈ 583 సంగతి తెలియదు. తెలిసింది ఒక్క 640. కాలేజీ నుంచి మెసేజీలు పన్నెండూ వచ్చాయి. బావగారి మనసులో ఒకటే నిలిచింది.

మన వీవీఎస్ లక్ష్మణ్ 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద 281 కొట్టాడు. ఆయన 134 టెస్టులాడాడు. సగటు 45.97. లక్ష్మణ్ ఎంత బాగా ఆడతాడని ఎవరైనా అడిగితే 281 కొడతాడని చెప్పం కదా. తర్వాతి మ్యాచ్‌లో 60 కొట్టి అవుటైతే ‘ఏమైంది, 281 కొట్టేవాడివి కదా’ అని నిలదీయం. క్రికెట్ దగ్గర మనకున్న ఈ ఇంగితం పిల్లల మార్కుల దగ్గరికొచ్చేసరికి ఏమవుతుందో నాకు అర్థం కాదు.

ఏ మార్కులోనైనా వచ్చిన చదువు కొంత, ఆ రోజు కలిసొచ్చింది కొంత ఉంటాయి. బాగా చదివిన చాప్టర్లోంచే ప్రశ్నలు పడటం, ఊహించి పెట్టిన నాలుగూ తగలడం, ముందు రాత్రి నిద్ర పట్టడం. ఇవన్నీ ఒకే రోజు కలిస్తే 640. అలాంటి రోజు తర్వాత వచ్చే రోజు మామూలుగా దాని కన్నా తక్కువగానే ఉంటుంది. చదువు తగ్గి కాదు, కలిసొచ్చింది కలిసి రాకపోవడం వల్ల.

అర్థశాస్త్రంలో 2002 నోబెల్ అందుకున్న డేనియల్ కానెమన్ దీని మీద తన అనుభవం ఒకటి చెప్పేవారు. ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెబుతూ, తిట్టడం కన్నా మెచ్చుకోవడం మేలు అన్నారట. ఒక శిక్షకుడు లేచి, అదేం కాదు, బాగా నడిపినవాణ్ని మెచ్చుకుంటే మర్నాడు చెడగొడుతున్నాడు, చెడగొట్టినవాణ్ని తిడితే మర్నాడు బాగా నడుపుతున్నాడు అన్నాడు. అతను చూసింది నిజమే. కారణమే తప్పు. మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా, తిట్టినా తిట్టకపోయినా, మరీ బాగా వచ్చిన రోజు తర్వాత కాస్త తగ్గడం, మరీ చెడ్డ రోజు తర్వాత కాస్త పెరగడం మామూలే. మన జూనియర్ కాలేజీల్లో టెస్టు టెస్టుకీ సెక్షన్లు మార్చి, కింది బ్యాచ్‌లో పడేస్తేనే పిల్లలు దార్లోకొస్తారనే నమ్మకం ఎలా పుట్టిందో ఈ కథ వింటే తెలుస్తుంది.

సరే, మా లెక్క. 640 నుంచి 583కి 57 మార్కులు. ఇవి పోయినవి కావు, ఎప్పుడూ లేనివి. నోట్‌బుక్‌లో వాటి ఎదురుగా ‘నాన్న స్టేటస్’ అని రాసింది పిల్ల. రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

నిరుటి కొలబద్ద

మిగిలింది 112. ఇందులో పెద్ద ముక్క ప్రశ్నపత్రానిది.

2024 నీట్ సంగతి అందరికీ గుర్తే. మొదట 67 మందికి 720కి 720. గొడవలు, గ్రేస్ మార్కులు, సుప్రీంకోర్టు అన్నీ అయ్యి చివరికి సవరించిన ఫలితాల్లో 17 మంది మిగిలారు. 650 దాటినవాళ్లు 30 వేల చుట్టుపక్కల. ఆ పేపరు చూసిన కాలేజీలు మరుసటి ఏడాది గ్రాండ్ టెస్టులన్నీ ఆ కొలబద్దతోనే తయారుచేశాయి. 640 తేకపోతే సీటు కష్టం అని పిల్లల చెవుల్లో పోసిందీ ఆ లెక్కే.

2025లో కొలబద్దే మారింది. అంతకుముందు నాలుగేళ్లు 200 ప్రశ్నల్లో 180 ఎంచుకుని రాసే వీలుండేది, అందులో చివరి మూడేళ్లు 200 నిమిషాలు ఇచ్చేవారు. 2025 జనవరిలో, పరీక్ష పెట్టే ఎన్‌టీఏ ఆ వీలు తీసేసింది. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. పైగా ఆ ఏడాది ఫిజిక్స్ పేపరు పిల్లల నడ్డి విరిచింది. దేశం మొత్తానికి మొదటి ర్యాంకు మార్కు 686. 650 దాటినవాళ్లు వంద మంది కూడా లేరు. 550 దాటినవాళ్లు దాదాపు 12 వేల మంది. జనరల్ కేటగిరీలో అర్హత మార్కు సైతం 162 నుంచి 144కి దిగింది.

అంటే నిరుడు 640తో వచ్చిన ర్యాంకుకి 2025లో అంత మార్కు అక్కర్లేదు. నేల మొత్తం కిందికి దిగితే దాని మీద నిలబడ్డ అందరూ దిగుతారు. జూన్ 14న ఫలితాలొచ్చాక బావగారు నిరుటి కటాఫ్ మార్కులు పక్కన పెట్టుకుని 471తో పోల్చుకుంటూ కూర్చున్నారు. ‘మార్కు కాదు బావగారూ, ర్యాంకు చూడండి’ అని నేను ఎన్నిసార్లు చెప్పానో! కౌన్సెలింగ్‌లో అడిగేది ర్యాంకే. ఆలిండియా కోటా 15 శాతానికైనా, విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, వరంగల్ కాళోజీ యూనివర్సిటీ నింపే రాష్ట్ర కోటా 85 శాతానికైనా అంతే.

జేఈఈ మెయిన్ పిల్లలకి ఇదే తిప్పలు ఇంకో రూపంలో. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ కుర్రాడికి ప్రాక్టీస్ టెస్టుల్లో ఎప్పుడూ 99 పర్సంటైల్. జనవరి సెషన్‌లో 94. పర్సంటైల్ అంటే నీ కింద ఎంత శాతం మంది ఉన్నారనే లెక్క. కింద ఎవరున్నారన్నదాన్ని బట్టి దాని విలువ మారుతుంది. సొంత కోచింగ్ టెస్టు రాసిన గుంపులో 99, దేశమంతా రాసిన గుంపులో 99 ఒకటి కావు. ఆ అబ్బాయికి అప్పటికి ఇంకా ఏప్రిల్ సెషన్ మిగిలుంది, రెండిట్లో ఎక్కువదే తీసుకుంటారు కాబట్టి వాళ్లమ్మ కాస్త తేరుకుంది. నీట్ పిల్లలకి ఆ భాగ్యం లేదు. ఏడాదికి ఒకే ఆదివారం.

మన బెంచీ, మన పెన్ను

లెక్కలో ఇంకా కొంత మిగిలింది. అది పిల్ల నోటి నుంచే రావాలి. రెండు రోజులు అడగలేదు. మూడోరోజు మల్లెపూలు గుచ్చుతూ తనే మొదలుపెట్టింది.

గ్రాండ్ టెస్టు రోజు హాస్టల్లో ఇడ్లీ తిని, మెట్లు దిగి, రోజూ కూర్చునే హాల్లో, రోజూ కూర్చునే వరసలో, పొద్దుటిపూట రాస్తుంది. పక్కన స్నేహితురాలు. ప్రశ్నలు వేసేది పాఠం చెప్పిన లెక్చరర్లే, కాబట్టి ఏ సారు ఏ ప్రశ్నని ఎలా తిప్పుతారో రెండేళ్ల అలవాటు. కొన్ని ప్రశ్నలైతే అంకెలు మార్చుకుని మూడోసారి నాలుగోసారి వచ్చిన పాత చుట్టాలు.

మే 4న అలా కాదు. గేటు ఒంటిగంటన్నరకి మూస్తారని పదకొండింటికే తీసుకెళ్లి నిలబెట్టారు. గుంటూరు ఎండ. తనిఖీ. చెవి దుద్దులు తీసి నాన్న జేబులో వేసింది. రెండేళ్లుగా అచ్చొచ్చిందని దాచుకున్న పెన్ను లోపలికి పనికిరాదు, బాల్‌పెన్ను వాళ్లే ఇస్తారు. రెండింటికి పరీక్ష మొదలు. హాస్టల్లో అది కునుకు తీసే వేళ. ‘బయాలజీ అయిపోయింది పిన్నీ, బాగానే అయింది. కెమిస్ట్రీలో ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. టైం చూశాను. అంతే. నాన్న స్టేటస్ కళ్ల ముందుకొచ్చింది. ఫిజిక్స్ తెరిచేసరికి చదివిన ప్రశ్నే మళ్లీ మళ్లీ చదువుతున్నాను.’

మా అమ్మ దిష్టి సిద్ధాంతంలో సగం నిజం ఉందని అప్పుడనిపించింది. ఊరందరికీ చాటుకోవడం వల్ల తగిలింది దిష్టి కాదు, బరువు.

అమెరికాలో సయన్ బైలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చే అంకెల్ని పట్టుకుని ఉంచడానికి మనసులో ఒక చిన్న పలక ఉంటుంది. భయం వచ్చి ఆ పలక మీద సగం తనే రాసేస్తుంది. ఆవిడ థామస్ కార్‌తో కలిసి 2005లో ప్రచురించిన పరిశోధనలో తేలిన సంగతి చాలామందికి నచ్చదు: ఒత్తిడి పెట్టినప్పుడు ఎక్కువ దెబ్బతిన్నది ఆ పలక పెద్దగా ఉన్నవాళ్లే. మామూలు రోజుల్లో వాళ్లని ముందుంచేది ఆ పలకే కాబట్టి, అది నిండిపోతే వాళ్లు నష్టపోయేదీ ఎక్కువే. ‘అంత తెలివైన పిల్ల తడబడటమేమిటి’ అని ఆశ్చర్యపోయే ముందు ఇది తెలుసుకోవాలి.

2011లో బైలాక్, గెరార్డో రమిరెజ్ ఇద్దరూ ‘సైన్స్’ పత్రికలో ఒక తేలిక ఉపాయం ప్రచురించారు. పరీక్షకు ముందు పది నిమిషాలు, ఆ పరీక్ష గురించి మనసులో ఉన్న భయాలన్నీ దాపరికం లేకుండా కాగితం మీద రాసెయ్యమన్నారు. రాసిన పిల్లలు బాగా చేశారు. అందులోనూ ఎక్కువ భయపడేవాళ్లకే ఎక్కువ లాభం. పరీక్ష హాలు బయట మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. ‘భయపడకు, భయపడకు’ అని గేటు దాకా వెంటపడి భయాన్ని లోపలికి తోసి పంపిస్తాం.

నాలుగు కుప్పలు

వారం గడిచాక ప్రశ్నపత్రం మళ్లీ తీశాం. ఇది ఎవరింట్లోనైనా చెయ్యదగ్గ పని. మొదటి రెండు మూడు రోజుల్లో మాత్రం వద్దు, పుండు పచ్చిగా ఉంటుంది.

125 సరైనవి, 29 తప్పులు, 26 వదిలేసినవి. వదిలేసినవాటిలో 21 ఫిజిక్స్‌వే. తప్పులూ వదిలేసినవీ కలిపి 55 ప్రశ్నల్ని ఒక్కొక్కటే చదివి నాలుగు కుప్పలు పోయమన్నాను. అసలు రానివి 14. వచ్చీ తొందరలో తప్పు చేసినవి 12. చూడటానికే టైం చాలనివి 19. అక్కడ చెయ్యి ఆడక ఇంటికొచ్చాక ఇట్టే వచ్చేసినవి 10.

ఆ పిల్ల 14 దగ్గర చాలాసేపు ఆగింది. ‘నాకేమీ రాదనుకున్నాను పిన్నీ’ అంది.

471 అన్న అంకె ఒక్కటే చూస్తే అది తీర్పులా ఉంటుంది. నాలుగు కుప్పలుగా చూస్తే రక్తపరీక్ష రిపోర్టులా ఉంటుంది, ఎక్కడ ఏముందో చెబుతుంది. రానివాటికి చదువు కావాలి. టైం చాలనివాటికి ఎన్నిసార్లు అవే పాఠాలు తిరగేసినా లాభం లేదు, వదిలెయ్యడం నేర్చుకోవాలి. రెండు నిమిషాల్లో తెమలని ప్రశ్నని వదిలి ముందుకెళ్లడం మన పిల్లలకి ఎవరూ నేర్పరు. కంచంలో మెతుకు వదలకూడదని పెంచిన ఇళ్లు మరి.

అన్నట్టు ఇంకో మాట. ఫలితాలకు ముందు ఎన్‌టీఏ ఓఎంఆర్ కాపీ, ప్రాథమిక కీ బయటపెడుతుంది. కీలో జవాబు తప్పనిపిస్తే ప్రశ్నకి 200 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. పిల్ల గట్టిగా చెబుతుంటే కట్టండి. ఆశ చావక పది ప్రశ్నలకి రెండు వేలు కట్టే పని మాత్రం మా బావగారు ఎలాగూ చేశారు.

ఇంట్లో మాటలు

‘కట్టిన ఫీజు చూశావా’ అనే మాట ఎవరూ అనకూడదని మా అక్క మొదటి రోజే ఆంక్ష పెట్టింది. ‘పోనీలే’ అని కూడా అనొద్దంది. పోనీలే అనడానికి పోయింది ఆ పిల్లది కదా, మనమెవరం? చుట్టాలు ఫోన్ చేస్తే ఎత్తి ‘రాసింది, ర్యాంకు వచ్చాక చూస్తాం’ అని ముక్తసరిగా చెప్పి, కూర ఏం వండారో అడిగేది. ఆ పద్ధతి నాకు నచ్చింది.

ఒక్క విషయంలో ముక్తసరి పనికిరాదు. తిండి, నిద్ర మానేసి, గది తలుపు వేసుకుని, ‘నేను లేకపోతే మీకీ బాధ ఉండదు’ లాంటి మాట ఒక్కటి వచ్చినా దాన్ని కోపం కిందో నాటకం కిందో జమకట్టొద్దు. ఆ పిల్లని ఒంటరిగా వదలొద్దు. సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం వద్దు. టెలి మానస్ సహాయవాణి 14416 నంబరు రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. పిల్లలే కాదు, ఏం మాట్లాడాలో తెలియని తల్లిదండ్రులూ చెయ్యొచ్చు.

తర్వాతి ప్రశ్న ‘లాంగ్‌టర్మ్’, అంటే ఇంకో ఏడాది కోచింగ్. విజయవాడ, హైదరాబాదుల్లో ఫలితాల మర్నాటి నుంచే ఆ బోర్డులు వెలుస్తాయి. నీట్‌కి ఎన్నిసార్లు రాయొచ్చన్న పరిమితి లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి వరసగా రెండేళ్లలో రెండుసార్లే. ఇంకో ఏడాది కూర్చోవడం తప్పని నేననను. కుప్పలు చూడకుండా, పరువు కోసమో పట్టుదల కోసమో మొదటి వారంలోనే ఫీజు కట్టెయ్యడం మాత్రం తప్పే. మొదటి కుప్ప 14 కాకుండా 40 ఉన్న పిల్లకి, ఆ చదువు మీద ఇష్టమే చచ్చిపోయిన పిల్లకి ఇంకో ఏడాది అదే హాస్టల్ శిక్ష. బీడీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ, డిగ్రీ అంటే మొహం ముడుచుకునే ఇళ్లు, ఆ మొహం పిల్లలకి కనబడుతుందని మరిచిపోతాయి.

మా పిల్ల జూన్ నెలంతా ఏదీ తేల్చలేదు. తేల్చమని ఎవరూ అడగకుండా అక్క కాపలా కాసింది. జూలైలో లాంగ్‌టర్మ్‌కే వెళ్తానంది, కానీ తన షరతులతో. హాస్టల్ వద్దు. గ్రాండ్ టెస్టులు ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఇంటికి దూరంగా రాస్తుంది. వాళ్ల మామయ్య పనిచేసే స్కూల్లో ఒక ఖాళీ గది దొరికింది, ఫ్యాను కూడా తిరగదు. కొత్త పెన్ను ప్రతిసారీ వేరేవాళ్లిస్తారు. పరీక్షకి ముందు పది నిమిషాలు ఏవో రాసుకుని చించేస్తుంది. ప్రశ్నపత్రాలు నాలుగు చోట్ల నుంచి తెప్పించుకుంటోంది.

సెప్టెంబర్లో నేను తెనాలి వెళ్లినప్పుడు నోట్‌బుక్ చూపించింది. ఒక్కో టెస్టు మార్కు పెన్సిల్‌తో చిన్నగా, సగటు పెన్నుతో పెద్దగా. ఐదు టెస్టులయ్యాయి. సగటు 529.

బావగారు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అటే చూస్తున్నారు. ఉండబట్టలేక అడిగారు.

‘హయ్యెస్ట్ ఎంతమ్మా?’

పిల్ల నోట్‌బుక్ మూసి ఒళ్లో పెట్టుకుంది. ‘చెప్పను నాన్నా. నువ్వు స్టేటస్ పెట్టేస్తావు.’